వెనక్కి పంపిన ముప్పై ఒక్కమంది

కుర్చీ ఎక్కే ప్రతి మనిషి అరికాళ్లూ ముందు నేనే తుడిచాను. కుర్చీ అడుగున రెండు రాగి పలకలుంటాయి. కాళ్లకు దుమ్ముంటే అవి సరిగా పట్టవు. తడిగుడ్డతో తుడిచి, పలకల మీద కాళ్లు పెట్టించి, చేతులకు పట్టీలు కట్టి, నెత్తిన టోపీ దించి, కళ్లు మూసుకోమనేవాణ్ణి. పన్నెండు నిమిషాలు. తర్వాత పక్కగదిలో కాగితం వచ్చేది. స్త్రీ అనో, పురుషుడు అనో. మొదట మూడో గడి కూడా ఉండేదట. చట్టం చేసేటప్పుడు కొట్టేశారు.

చీరాలకు అవతల మా అమ్మనపాలెం. అంతా నేతపని వాళ్లమే. సొసైటీ గోదాము ఖాళీగా పడి ఉంటే ప్రభుత్వం వాళ్లు సున్నం వేయించి, పరిశోధనాలయం అని బోర్డు కట్టారు. వీధిలో అందరినీ ఎరిగిన మనిషి కావాలని డాక్టరు మందాకినిగారు అడిగితే ఎవరో నా పేరు చెప్పారు. మోకాళ్లు పోయి మగ్గం మానేసి ఇంట్లో కూర్చున్న నేను అటెండరు చౌడయ్యనయ్యాను.

మొదటిరోజు ఆమె నాకు కుర్చీ సంగతి చెప్పింది.

"ఇది మనిషిని ఏమీ అడగదు చౌడయ్యగారూ. మనం ఊరికే కూర్చున్నా లోపల మెదడు ఒళ్లుకి ఏదో చెబుతూనే ఉంటుంది. చెయ్యి ఇలా తిప్పు, కాలు అలా నొక్కు అని. ఆ గుసగుస వింటుంది. ఆడవాళ్లది ఒక తీరు, మగవాళ్లది ఒక తీరు అని మా నమ్మకం. ముందు దానికి నేర్పాలి. ఆరొందలమంది మగవాళ్లు, ఆరొందలమంది ఆడవాళ్లు కావాలి. తికమక లేని వాళ్లను తీసుకురండి."

తికమక లేని వాళ్లు. ఆ మాటను నేను నాకు తెలిసినట్టు అర్థం చేసుకున్నాను.

మా వీధి కట్టుబాటు ఒకటుంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టేది మగవాడు. రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది ఆడది. మొగుడు పోయినవాళ్లు, మొగుడు తాగి పడుకున్నవాళ్లు తలుపేసుకుని నేస్తారు. ఆ చీర అన్న పేరుమీదో, తమ్ముడి పేరుమీదో అమ్ముడవుతుంది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మగ్గం చప్పుడు మనిషి గొంతులాంటిది. వీధిలో నడుస్తుంటే ఏ ఇంట్లో ఎవరు నేస్తున్నారో నాకు తెలుస్తుంది.

కాళ్లు తుడిచేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. తొక్కుడు చెక్క ఒత్తుకుని బొటనవేలి కింద కాయకట్టిన ఆడవాళ్లు వచ్చారు. చూపుడువేలు నూలు కోసి గీతపడిన మగవాళ్లూ వచ్చారు. వీళ్లను ఎక్కిస్తే కుర్చీ తికమక పడుతుందనుకున్నాను. గుమ్మంలోంచే పంపేశాను. పందొమ్మిదిమంది ఆడవాళ్లు, పన్నెండుమంది మగవాళ్లు.

వాళ్లలో ఆదెమ్మ ఒకతె. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంటుంది, వరసకు చెల్లెలు. మొగుడు పోయి పద్దెనిమిదేళ్లు.

"ఏందన్నా, నా కాళ్లు నీ కుర్చీకి పనికిరావా?" అంది.

"జనం ఎక్కువయ్యారులే ఇయ్యాల."

"క్యారేజీ గిన్నె అయినా ఇయ్యి. అందరికీ ఇస్తన్నారంటగా."

గిన్నె కూడా ఇవ్వలేదు. కూర్చున్నవాళ్లకే అని రాసుంది. డాక్టరమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.

మా ఇంట్లో మగ్గం మీద ఉండేది హేమ. నా కొడుకు లింగం కన్న బిడ్డ. పుట్టినప్పుడు హేమసుందరం అని పేరు పెట్టాం. ఎనిమిదేళ్లకే నా ఒళ్లో కూర్చుని గుంటలో కాళ్లు వేలాడేసేవాడు. చెక్కలు అందేవి కావు. పదేళ్లకు అందాయి. పదహారో ఏట, తాను ఆడపిల్లనని ఇంట్లో చెప్పింది. లింగం రెండేళ్లు మాట్లాడలేదు. కోడలు తులసమ్మ ఏడ్చి, ఊరుకుని, తన చీరలు రెండు దండెం మీద వేసి వెళ్లిపోయింది. నేను ఒక్కటే అన్నాను. "కండెలు చుట్టి పెట్టా. కూర్చో." అప్పటినుంచి హేమ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గుంటలో దిగి నేసేది.

అప్పట్లో పాత చట్టం. మనిషి తానెవరో తానే రాసిస్తే కలెక్టరాఫీసులో ముద్ర వేసేవాళ్లు. ఆ కాగితంతోనే నర్సు చదువు చదివింది. పక్క ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన నెలలోనే కొత్త చట్టం వచ్చింది. ఇక మనిషి మాట చెల్లదు, కుర్చీ మాట చెల్లుతుంది. పాత ముద్రలున్న వాళ్లు, పింఛన్లు తీసుకునేవాళ్లు ముందు ఎక్కాలి. ఆ తర్వాత అందరూ. ముద్ర ఒకటి, కుర్చీ మాట ఒకటి అయితే అబద్ధపు నమోదు కింద రెండేళ్లు జైలు.

నోటీసు చేతికొచ్చిన పొద్దున లింగం అన్నం ముందు కూర్చుని చాలా రోజుల తర్వాత బిడ్డతో నేరుగా మాట్లాడాడు.

"ఆ కుర్చీకి నా మీద ప్రేమా లేదు, నీ మీద కోపమూ లేదు. అది ఆడపిల్లంటే నేను నోరు మూసుకుంటా. మగపిల్లాడంటే నువ్వు జుట్టు కత్తిరించుకుని ఇంకొల్లు సంబంధానికి రావాల."

"ఇంకొల్లు పిల్లని అడిగావా నానా? లేకపోతే ఆ పిల్లని కూడా కుర్చీనే అడుగుతావా?"

"చూడు తులసీ, దీని నోరు."

"మీ నోరే వచ్చింది," అంది తులసమ్మ చారు పోస్తూ. "నాకు అంత నోరు యాడుంది."

హేమ చెయ్యి కడుక్కుని నా దగ్గరికొచ్చింది. "తాతా, అది ఎట్టా చూస్తది?"

"నాకేం తెలుసు," అన్నాను. అప్పటికి నిజమే.

మరుసటి వారం పింఛను వాళ్ల వంతు. ఆదెమ్మ వచ్చింది. కాళ్లు తుడిచాను. ఏమీ అనలేదు. టోపీ దించాను, కళ్లు మూసుకుంది. మూడు నిమిషాలయ్యాక ఆమె కాలు చూశాను. కదిలిందని చెప్పలేను. అరికాలి కింద నరం మాత్రం ఉబ్బి తగ్గుతోంది. కుడి. ఎడమ. కుడి. మధ్యలో చిన్న ఆగు. పోగు లాక్కుంటూ నాడె ఆ చివరికి దాటడానికి పట్టేంత ఆగు.

ఆమె లోపల నేస్తోంది. పద్దెనిమిదేళ్ల నేత ఎక్కడికి పోతుంది.

కుర్చీకి నేను నేర్పించిందేమిటో అప్పుడు తెలిసింది.

గుమాస్తా కాగితం తీసి చదివాడు. "కె. ఆదెమ్మ. పురుషుడు."

హాలంతా నవ్వారు. "ఇంక బీడీ ఎలిగించు ఆదెమ్మా," అన్నాడొకడు.

"ఎలిగిస్తా. అగ్గిపెట్టె నీ పెళ్లాన్ని తెమ్మను," అని లేచింది. నవ్వులు ఆగాక గుమాస్తా మిగతాది చదివాడు. పురుషుడికి వితంతు పింఛను లేదు. పెళ్లి రద్దు. మొగుడి ఇంటిమీద హక్కు రద్దు. ఆమె ఆ కాగితం తీసుకుని నా ముందు ఆగింది.

"ఆ రోజు నన్నెందుకు పంపేశావన్నా?"

నేను తడిగుడ్డ పిండుతూ ఉండిపోయాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలోకి వెళ్లి నిలబడి మొత్తం చెప్పాను. మగ్గం, రాట్నం, కట్టుబాటు, నేను గుమ్మంలోంచి పంపేసినవాళ్లు. అన్ని మాటలు ఒక్కసారిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె తల పట్టుకుని కూర్చుంది.

"అంటే ఇది ఆడ, మగ చూడట్లేదు. మగ్గం, రాట్నం చూస్తోంది," అంది మెల్లగా. "దీన్నే చూసి రాష్ట్రమంతటికీ కుర్చీలు చేశారు చౌడయ్యగారూ."

"సరిచెయ్యలేమా అమ్మా?"

"ఆ వెనక్కి పంపినవాళ్లను కూర్చోబెట్టి మళ్లీ నేర్పితే కొంత సరవుతుంది. పేర్లు గుర్తున్నాయా?"

గుర్తున్నాయి. వీధి ఈ చివరినుంచి మొదలుపెట్టి, ఒక్కో ఇంటి మగ్గం చప్పుడు తలుచుకుంటూ ఒక్కో పేరూ చెప్పాను. ఏ ఇంట్లో తలుపేసుకుని ఎవరు నేస్తారో, ఏ మగవాడు కండెలు చుడతాడో. ఆమె మిషనులో కొట్టుకుంది. ముప్పై ఒకటీ అయ్యాక నా గుండె తేలికైంది. హేమ వంతు ఇంకా మూడు వారాలుంది. ఈలోగా కుర్చీ బాగుపడుతుందనుకున్నాను.

కుర్చీకి మళ్లీ నేర్పాలని ఆమె రాసినదానికి తొమ్మిదోరోజు పైనుంచి జవాబొచ్చింది. ఆమె నాకు చదివి వినిపించింది. చట్టం ప్రకారం పురుషుడంటే కుర్చీ పురుషుడని చెప్పినవాడు, స్త్రీ అంటే కుర్చీ స్త్రీ అని చెప్పినది, కాబట్టి కుర్చీ తప్పు చెప్పడం అనేది జరగదు. అంతే. కింద సంతకం.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడ రాట్నం ముందుకు లాగాను. హేమను పిలిచి సంగతి చెప్పాను.

"ఈ పదిరోజులు గుంటలో దిగబాక. కండెలు చుట్టు. పొద్దస్తమానం చుట్టు. కాలు మర్చిపోవాల, వేలు గుర్తుండాల."

మూడు రోజులు చుట్టింది. వేళ్లు తెగాయి. నాలుగోరోజు రాట్నం ఆపి నా వైపు తిరిగింది.

"రాట్నం తిప్పితే ఆడదాన్ని, మగ్గం తొక్కితే మగాణ్ణి. అంతేనా తాతా?"

"కుర్చీకి అంతే."

"మరి ఆదెమ్మవ్వ ఎవరు? నువ్వెవరు? ఆరేళ్లనుంచి ఈ ఇంట్లో కండెలు చుట్టేది నువ్వేగా."

నేను తెగిన పోగు వెతికి ముడేశాను.

"ఆ నేత నువ్వు నేర్పావు. అది మర్చిపోయి నేను ఆడదాన్నని ముద్ర తెచ్చుకుంటే, ఆ ముద్ర ఎవరిది? ఆసుపత్రిలో రోగికి సూది గుచ్చేటప్పుడు కూడా నా కాలు తాళం వేస్తది తాతా. అది నేనే." లేచి చీర ఎగదోపి గుంటలో దిగింది. మగ్గం చప్పుడు మొదలైంది.

ఆ పిల్ల అన్న మాట ఒకటి నాలో ఉండిపోయింది. మరి నువ్వెవరు అని. పొద్దున్నే డాక్టరమ్మను అడిగాను.

"ఎవరూ అనుమానించలేని మనిషి దగ్గర కుర్చీ తప్పు చెబితే పైవాళ్లు ఒప్పుకుంటారా?"

"అప్పుడు తప్పదు. అలాంటి మనిషి ఎవరున్నారు?"

"నాకు వృద్ధాప్య పింఛనుంది. నా వంతు ఇంకా కాలేదు."

ఆమె చాలాసేపు నా చేతులు చూసింది.

హేమ వంతురోజే నా వంతూ వేయించుకున్నాను. హాలు నిండా జనం. లింగం కొత్త చొక్కా వేసుకొచ్చాడు. తులసమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నా కాళ్లు నేనే తుడుచుకుని ఎక్కాను. మోకాళ్లు పోయాక కాలు చెక్కను మర్చిపోయింది, వేళ్లలో తిరిగేది రాట్నమే. కళ్లు మూసుకుని, అందరూ నవ్వే క్షణంకోసం చూశాను. డెబ్బై మూడేళ్ల ముసలివాడు, పెళ్లాం కాటికి పోయినవాడు, కొడుకు ఎదురుగా నిలబడ్డవాడు. ఊరంతా నవ్వితే ఆ నవ్వుకు కుర్చీ విరిగిపోతుందనుకున్నాను.

గుమాస్తా కాగితం తీశాడు. అందరి పేర్లూ చదివిన గొంతుతోనే చదివాడు.

"బి. చౌడయ్య. స్త్రీ."

ఎవరూ నవ్వలేదు.

ముందు వరసలో ఒక ముసలాయన తన చేతులు రెండూ ఒళ్లోకి లాక్కున్నాడు. పక్కవాడు వేళ్లు ముడిచాడు. ఒకావిడ కాళ్లు చీరలోకి దాచుకుంది. హాలంతా ఎవరి చేతులు వాళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. నవ్వు స్థానంలో భయం వచ్చి కూర్చుందని నాకు అప్పుడు అర్థమైంది. నేను దిగి గుడ్డ తడిపి నా మనవరాలి కాళ్లు తుడిచాను.

"తుడిచిందే తుడుస్తన్నావు తాతా," అంది.

"దుమ్ము."

"ఏ దుమ్ము. కడుక్కునే వచ్చా."

పన్నెండు నిమిషాలు ఆ పిల్ల అరికాలు చూస్తూ ఉండిపోయాను. దాచుకోలేదు. కుడి, ఎడమ, కుడి. చక్కటి నేత. నాకంటే బాగా నేస్తుంది.

"బి. హేమ. పురుషుడు. నమోదు అబద్ధం."

జీపు బయట సిద్ధంగానే ఉంది. గుమాస్తా లింగాన్ని పిలిచి ఫారం ఇచ్చాడు. చట్టంలో అదొక దయ. కుటుంబం బాధ్యత తీసుకుని, మనిషిని కాగితంలో ఉన్నట్టుగానే ఇంట్లో ఉంచుతామని సంతకం చేస్తే జైలు ఉండదు. లింగం సంతోషంగానే పెన్ను తీశాడు. తర్వాత ఆగిపోయాడు.

ఫారంలో ఇంట్లోవాళ్లందరి వరసలూ అప్పుడే కొట్టిన అచ్చులో ఉన్నాయి. బి. చౌడయ్య, స్త్రీ. బి. లింగం, పురుషుడు. పక్కన వాడి తల్లి పేరు ఉంది. తండ్రి పేరు దగ్గర, నమోదు లేదు అని ఉంది.

"ఇది తప్పుపడింది సార్," అన్నాడు లింగం. "ఈయన మా నాన్న."

"తప్పంటే ఫారం మొత్తం తప్పవుద్ది. అప్పుడు మీ వాణ్ణి జీపు ఎక్కించాలి."

"ఆ ఒక్క వరస దిద్దండి. కింద మా పిల్లాడిది ఉంచండి."

"రెండూ ఒకే కుర్చీ చెప్పినయ్యి గదయ్యా. ఒకటి ఒప్పుకుని ఒకటి కాదనడానికి గడి లేదు."

లింగం నా వైపు చూశాడు. వాడి చిన్నప్పుడు నాడె తగిలి నుదురు పగిలితే ఎత్తుకుని పరిగెత్తాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దానిమీద చెమట పట్టింది.

"పెట్టు నానా," అంది హేమ. గొంతులో తడి లేదు. "కుర్చీకి ప్రేమా లేదు, కోపమూ లేదన్నావుగా. పెట్టేసి, రేపట్నించి తాతని అమ్మా అని పిలువు."

తులసమ్మ స్తంభం దగ్గర్నుంచి లేచింది. "జైల్లో వేస్తారంటయ్యా. మగోళ్ల జైల్లో. పెట్టయ్యా."

పెట్టాడు. కోపంతో పెట్టాడో, బిడ్డను జీపు ఎక్కించలేక పెట్టాడో నాకు తెలియదు. వాడికీ తెలియదనుకుంటా.

హేమ జుట్టు ఆ హాల్లోనే కత్తిరించారు. ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి చొక్కా, లుంగీ కట్టుకుని గుంటలో దిగింది. లింగం ఆ రోజునుంచి నన్ను ఏ పిలుపుతోనూ పిలవలేదు. టీ గ్లాసు నా పక్కన పెట్టి కాసేపు నిలబడేవాడు. నోటిదాకా ఏదో వచ్చేది. వెళ్లిపోయేవాడు. నేను అటెండరు పని మానేసి రాట్నం ముందు కూర్చున్నాను. ఆదెమ్మ పుట్టింటివాళ్లు ఆమె సామాను తెచ్చుకునేందుకు నెలరోజులు గడువు అడిగారట. ఆమె మాత్రం ఆ ఇంట్లోనే తలుపు తీసి పెట్టుకుని నేస్తోంది. దాచుకునేదేముంది ఇంక అందట.

పదకొండో రోజు పొద్దున డాక్టరు మందాకినిగారు మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. చెప్పులు విడవలేదు.

"మీ కాగితం పైకి పంపాను చౌడయ్యగారూ. కుర్చీ తప్పని ఒప్పుకుంటారనుకున్నా."

"ఒప్పుకోలేదా?"

"మీ అంతటి మనిషే డెబ్బై ఏళ్లు ఎవరికీ దొరక్కుండా దాగారంటే, ఆ ఊళ్లో ఇంకా చాలామంది ఉంటారని రాశారు. నేను పంపిన పేర్లు…" ఆమె గోడ పట్టుకుంది. "మళ్లీ నేర్పించడానికని పంపాను. ఇళ్ల గుర్తులతో సహా. మీరు చెప్పినవి చెప్పినట్టు."

"ముప్పై ఒకటీనా?"

"ముప్పై ఒకటీ."

"ఎప్పుడొస్తారు?"

"నా కంటే ముందు బయల్దేరారు."

ఆమె వెళ్లాక రాట్నం ఆపి చెవి పెట్టాను. మా వీధిలో పొద్దుటిపూట అన్ని మగ్గాలూ కలిసి ఒకటే చప్పుడు. వాన పడ్డట్టుంటుంది. ఆ వానలో ఏ చినుకు ఎవరిదో నాకు తెలుసు.

వీధి ఈ చివర, నేను మొదట పేరు చెప్పిన ఇల్లు. ఆ మగ్గం ఆగింది. జీపు ఇంజను కాసేపు ఒకచోట గురగురలాడి, ముందుకు కదిలింది. తర్వాత రెండో ఇల్లు. నేను ఏ వరసలో చెప్పానో ఆ వరసలోనే వస్తున్నారు. తర్వాతి ఇంట్లో అరుపు వినబడింది, చప్పుడు ఆగింది. ఆ పక్కింట్లో అరుపు కూడా లేదు. జీపు వచ్చే దారిలో, నేను పేరు చెప్పని ఇళ్ల మగ్గాలు కూడా భయంతో వాటంతట అవే ఆగిపోతున్నాయి.

లింగం వీధి గుమ్మంలోకి వచ్చి అటు చూసి, ఇటు నా వైపు తిరిగాడు.

"నానా," అన్నాడు. పదకొండు రోజుల తర్వాత. "మనింటికి కూడా వస్తారా?"

నా చెవి వీధిలోనే ఉంది. ఆదెమ్మ మగ్గం ఇంకా ఆడుతూనే ఉంది. కుడి. ఎడమ. కుడి. నాడె దాటేంత ఆగు. ఆ తర్వాత ఆ ఆగు పొడుగైంది. ఇంకా పొడుగైంది.

గుంటలోంచి హేమ తలెత్తకుండానే చెయ్యి చాపింది. కండె అయిపోయింది. ఇంకోటి అందించాను. మా ఇంటి చప్పుడు ఒక్కటే వీధిలో మిగిలింది.